పొద్దు తిరగక ముందు వేసిన రాళ్ళు

పోయిన ఆదివారం మా తిరువూరు మసీదు మేడ మీద, ఈ ఏడు హజ్‌కు వెళ్ళబోతున్న ఆడవాళ్ళకు పాఠం చెబుతున్నాను. ఆ తరగతి కొన్నేళ్ళుగా నేనే చెబుతున్నాను. ఏ రోజున ఏం చేయాలి, ఏది ఏ వేళకు మొదలై ఏ వేళకు ముగుస్తుంది, తప్పు జరిగితే ఎలా సరిదిద్దుకోవాలి అన్నవి బోర్డు మీద రాసి, ఒకటికి రెండుసార్లు అప్పజెప్పించుకుంటాను. ఆ రోజు వెనక వరసలో కూర్చున్న ఒకావిడ, చంకలో పిల్లాడితో లేచి నిలబడి, "మేడమ్, పదకొండో నాడు షైతానుకు రాళ్ళు పొద్దు తిరిగాకే వేయాలంటున్నారు గదా, ఒక పావుగంట ముందు వేసేస్తే ఏమవుద్దండీ? మా అత్తగారు ఎండకి ఆగలేదు" అంది. తక్కిన వాళ్ళంతా నవ్వారు. అదే ప్రశ్న వాళ్ళ మనసుల్లోనూ ఉందని ఆ నవ్వులోనే తెలిసిపోయింది. జవాబు నాకు కంఠతా వచ్చు. అయినా ఆ పూట వెంటనే చెప్పలేకపోయాను. సీసాలో నీళ్ళు రెండు గుక్కలు తాగి, కిటికీ అవతల బజారు కేసి చూశాను. మా అత్తమ్మ గుర్తొచ్చింది.

మా అత్తమ్మ చదువుకున్న మనిషి కాదు. ఖురాన్ చూసి చదివేది, తెలుగులో సంతకం పెట్టేది, అంతే. కానీ వేళ తెలిసిన మనిషి. మా మామయ్య మామిడి తోటలు గుత్తకు తీసుకునేవాడు. పూత రాలి పిందె నిలిచిన దగ్గర్నుంచి కాయ దిగేదాకా రెడ్డిగూడెం అవతల తోటలో పాక వేసుకుని ఇద్దరూ అక్కడే ఉండేవాళ్ళు. ఆ చుట్టుపక్కల మసీదు లేదు, అజాన్ వినపడదు. అందుకని అత్తమ్మ పాక ముందు నేల చదును చేసి, మూరెడు కర్ర ఒకటి నిట్టనిలువుగా పాతేది. పొద్దున దాని నీడ పడమర వైపు చాపలా పరుచుకుని, పొద్దెక్కేకొద్దీ ముడుచుకుని, పొద్దు నడిమింటికి రాగానే ఆగి, మెల్లగా తూర్పుకు తిరిగేది. ఆ తిరిగిన క్షణం నుంచే మధ్యాహ్నపు నమాజు వేళ. అంతకు ముందు చదివితే అది నమాజే కాదు. అత్తమ్మ నీడ పక్కన వేలితో గీతలు గీస్తూ కూర్చునేది. తిరిగిందని నమ్మకం కుదిరాక వజూకు కాళ్ళూ చేతులూ మొహం కడుక్కుని లేచేది.

తోటలో కాయ కోసేవాళ్ళు, గంపలెత్తేవాళ్ళు, ఎక్కువమంది క్రైస్తవ కుటుంబాల వాళ్ళు. వాళ్ళకూ ఆ కర్రే గడియారం. అత్తమ్మ నమాజుకు లేచిందంటే వాళ్ళకు అన్నాల వేళ. మేరమ్మ అని ఒక పెద్ద గొంతు మనిషి ఉండేది. చెట్టు మీది నుంచే, "ఏమ్మో, నీ కర్ర ఇయ్యాల కునుకు తీసిందా? మా కడుపులో పొద్దు ఎప్పుడో తిరిగింది" అని కేకేసేది. అత్తమ్మ తల ఎత్తకుండానే, "నీ కడుపులో పొద్దు పొడిచేటప్పుడే తిరిగి ఉంటది. ఇంకాసేపు కొయ్యి" అనేది. ఎవరి చేతికి వాచీ ఉన్నా, జేబులో సెల్‌ఫోను ఉన్నా, మా చుట్టాల్లోనూ ఆ ఊళ్ళలోనూ పొద్దు తిరిగిందా లేదా అన్న మాటకు అత్తమ్మదే ఆఖరి తీర్పు. ఆ పేరు ఆమెకు ఇష్టంగానే ఉండేది. పైకి ఒప్పుకునేది కాదు.

వాళ్ళిద్దరికీ హజ్ పిలుపు వచ్చిన ఏడాది మా ఇంట్లో జరిగిన హడావుడి రాస్తే అదొక పుస్తకం. మామయ్య మోకాళ్ళకు నూనెలు, మందులు, అత్తమ్మ కట్టుకుపోయే ఆవకాయ సీసా చుట్టూ నాలుగు పొరల ప్లాస్టిక్ కవర్లు. ఆ సీసా ఎక్కడ పగులుతుందోనని మా మరిది మూడు రోజులు నిద్రపోలేదు. వాళ్ళతోపాటు మా చుట్టుపక్కల నుంచి ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు వెళ్ళారు. విస్సన్నపేటలో బట్టలు కుట్టే ఆయన భార్య ఒకామె, ఆయనతోనే. రెడ్డిగూడెంలో స్కూలు టీచరుగా చేసి రిటైరైన ఆమె ఒకరు, ఆమె భర్తతో. వినగడప నుంచి ఒక ముసలామె, భర్త పోయి చాలా ఏళ్ళయింది, తమ్ముణ్ణి తోడు తీసుకుని వెళ్ళింది. ముగ్గురూ అత్తమ్మ కొంగు పట్టుకున్నట్టే తిరిగారట, వెళ్ళినప్పటి నుంచి వచ్చేదాకా.

క్షేమంగా తిరిగొచ్చారు. మక్కా జంజం బావి నీళ్ళు, ఖర్జూరాలు, పిల్లలకు టోపీలు, నాకొక జపమాల. వీధిలో వాళ్ళంతా వచ్చి చేతులు పట్టుకుని, తమ కోసం ప్రార్థించమని దువా అడిగారు. మామయ్యను హాజీ గారన్నారు, ఆయన చెవులు నిండేలా విన్నాడు. అత్తమ్మను హజ్జమ్మ అంటే మాత్రం ఆమె మొహం పక్కకు తిప్పుకునేది. బడలిక అనుకున్నాం. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. తిండి తగ్గింది. నమాజు చాప మీద కూర్చుంటే లేచేది కాదు. డాక్టరుకు చూపిస్తే రక్తం తక్కువుందని బలానికి మందు రాశాడు. అత్తమ్మ ఆ మందు సీసా మామయ్యకు తాగించింది.

అసలు సంగతి వినగడప ముసలామె వల్ల బయటపడింది. ఒక మధ్యాహ్నం ఆమె తిరువూరు ఆసుపత్రికి కళ్ళు చూపించుకోవడానికి వచ్చి, మా ఇంట్లో భోజనానికి ఆగింది. నాతో మాట్లాడుతూ మీ అత్త లేకపోతే నా హజ్ అయ్యేది కాదమ్మా అని మొదలుపెట్టి, "అంత గుంపులో పదకొండో నాడు రాళ్ళు వెయ్యడానికి పోతన్నాం. వేళయిందా అని అందరం ఒకటే గుంజాటన. ఈ టైలరు పెళ్ళాం చేతి వాచీ ఇక్కడి టైములోనే ఉంది, మార్చుకోలా. మీ అత్త ఒక్కసారి కిందికి చూసి పొద్దు తిరిగిందిలే, పదండి అంది. ఇంక మాకేం కావాలి?" అని చెప్పింది. గిన్నె చేతిలో పట్టుకుని నిలబడ్డ అత్తమ్మ ఆ గిన్నె కింద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. ముసలామె బస్సెక్కి వెళ్ళాక నన్ను పిలిచి, గోరింటాకు మొక్కల దగ్గర అరుగు మీద కూర్చోబెట్టి చెప్పింది. "అమ్మాయ్, తిరగలేదు. నాకు తెలుసు తిరగలేదని."

హజ్ గురించి తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు చెప్పాలి. హజ్ అంటే మక్కాకు వెళ్ళి రావడం ఒక్కటే కాదు. ప్రతి పనికీ రోజు ఉంది, ఆ రోజులో వేళ ఉంది. హజ్ నెల తొమ్మిదో నాడు అరఫాత్ మైదానంలో నిలబడాలి, పొద్దు గుంకేదాకా అక్కడి నుంచి కదలకూడదు. పదో నాడు షైతానుకు గుర్తుగా నిలిపిన పెద్ద స్తంభానికి రాళ్ళు వేయాలి. పదకొండు, పన్నెండో నాళ్ళలో మూడు స్తంభాలకూ ఏడేసి చొప్పున శనగ గింజంత రాళ్ళు వేయాలి. ఆ రెండు నాళ్ళలో వేసేవి పొద్దు నడినెత్తి దాటాకే వేయాలని మేము అనుసరించే ధర్మశాస్త్రం చెబుతుంది. ముందు వేసిన రాయి లెక్కలోకి రాదు. తర్వాత ఎంత వేళ ఉన్నా ఉంది, సాయంత్రం ఉంది, చీకటి పడ్డాకా ఉంది, ముసలీముతకా హాయిగా వేసుకోవచ్చు. ముందు వేసి, మళ్ళీ వేయకుండా ఆ రోజులు దాటిపోతే, ఆ లోపానికి పరిహారంగా ఒక మేకనో గొర్రెనో ఖుర్బానీ ఇవ్వాలి. దాన్నే దమ్ అంటారు.

ఆ రోజు జరిగింది అత్తమ్మ మాటల్లోనే విన్నాను. వాళ్ళ గుంపును సాయంత్రం తీసుకెళ్తామని పెద్దలు ముందే చెప్పారు. తక్కిన మగవాళ్ళంతా దానికే ఆగారు. మామయ్యకు మాత్రం సాయంత్రపు జనం అంటే భయం. మోకాళ్ళు పట్టేశాయి. పైగా మధ్యాహ్నం భోజనం వేళకు డేరాలో ఉండకపోతే అన్నం దొరకదని ఆయన బెంగ. ఇప్పుడే పోయొద్దాం, దారి ఖాళీగా ఉందట అని తొందర పెట్టాడు. అత్తమ్మ బయల్దేరింది. ఆమె బయల్దేరిందని మిగతా ముగ్గురూ కదిలారు. దారిలో గొడుగు మూసి నేల మీద నిలువుగా నిలబెట్టి కిందికి చూస్తే, గొడుగు నీడ చిన్నదైపోయింది గానీ ఇంకా మక్కా వైపే వాలి ఉంది. ఆ చోటికి మక్కా పడమర. పొద్దు తిరగలేదన్నమాట. సరిగ్గా అప్పుడే టీచరమ్మ పొద్దు తిరిగిందా అని అడిగింది. పక్కనే మామయ్య మోకాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"తిరిగిందిలే అన్నాను. నా నోటితో అన్నాను. రాళ్ళు వేశాం, వచ్చేశాం, అన్నం తిన్నాం. మళ్ళీ సాయంత్రం అందరూ వెళ్తుంటే డేరాలో పడుకుని ఆ చెప్పుల చప్పుడు విన్నాను. లేచి వెళ్ళి మళ్ళీ వేసినా సరిపోయేది. లేవలేదు. లేస్తే ఎందుకని అడుగుతారు గదా."

నేను విజయవాడ మదరసాలో నాలుగేళ్ళు చదివినదాన్ని. ఆమె ఏడుపు చూడలేక నా చదువంతా తీశాను. జనం రద్దీని బట్టి ముందు వేయడానికి కొందరు పండితులు వెసులుబాటు ఇచ్చారు అత్తమ్మా, మనసు కష్టపెట్టుకోవద్దు అన్నాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని నావైపు చూసింది. "ఆ వెసులుబాటు అడిగి వేసినవాళ్ళకి. నేను అడిగి వేశానా? తిరిగిందని చెప్పి వేశాను."

మర్నాడు ఇద్దరం ఇమాం సాబ్ దగ్గరికి వెళ్ళాం. కుర్రాడు, మా మసీదుకు వచ్చి రెండేళ్ళు కాలేదు. అత్తమ్మ పంపే పులుసులు తిని కాస్త ఒళ్ళు చేశాడు. తెర ఇవతల కూర్చుని అత్తమ్మ ఏదీ దాచకుండా చెప్పింది. ఆయన చాలాసేపు కితాబు తిరగేశాడు. హజ్ చెల్లింది, అరఫాత్‌లో నిలబడ్డారు, కాబా చుట్టూ తిరిగి తవాఫ్ చేశారు, దాని గురించి భయం వద్దు అన్నాడు. అయిదుగురికీ తలా ఒక దమ్ ఉంది అన్నాడు. అత్తమ్మ వెంటనే, "మా పెరట్లో మేకపోతు ఉంది హజ్రత్, రేపే కోయిస్తా" అంది.

"ఇక్కడ కోస్తే అది కూర అవుతుందమ్మా, దమ్ అవదు. మక్కాలో హరమ్ హద్దుల్లోనే జరగాలి. అక్కడి పేదలకే పోవాలి. వెళ్ళేవాళ్ళెవరికైనా అప్పజెప్పండి, గడువేం లేదు."

"మిగతా ముగ్గురివీ నేనే ఇచ్చేస్తాను. వాళ్ళకి చెప్పక్కర్లేదు గదా?"

ఇమాం సాబ్ కితాబు మూసి పక్కన పెట్టాడు. వయసులో పెద్దదాన్ని నొప్పించాల్సి వచ్చినందుకు ఆయన గొంతు తగ్గింది. "వాళ్ళ అనుమతి లేకుండా వాళ్ళ తరఫున ఇస్తే చెల్లదమ్మా. తెలియక వేశారు కాబట్టి వాళ్ళకి దమ్ ఒక్కటే. తెలిసి చెప్పారు కాబట్టి మీకు తౌబా కూడా ఉంది, పశ్చాత్తాపపడి అల్లాహ్‌ను మన్నింపు అడగాలి. మీ మాట నమ్మినవాళ్ళకి మీరే చెప్పాలి."

ఇంటికి వచ్చి ముందు మామయ్యకు చెప్పింది. ఆయన పడక కుర్చీలో లేచి కూర్చున్నాడు. "ఎంతసేపే అది? ఒక టీ తాగేసేపు తేడా. దానికి ఊరూరా తిరిగి పరువు తీసుకుంటావా?" అన్నాడు. అత్తమ్మ, "రంజాన్‌లో టీ తాగేసేపు ముందు రోజా విప్పుతావా?" అని అడిగింది. మామయ్య మళ్ళీ వెనక్కి వాలాడు. కాసేపయ్యాక, "నా మోకాళ్ళ వల్లే గదా. నేనూ వస్తాను" అన్నాడు. నువ్వొస్తే మూడూళ్ళలోనూ భోజనం దగ్గర ఆగిపోతాం, వద్దు అంది అత్తమ్మ. నన్ను తోడు తీసుకుంది.

విస్సన్నపేట ఆమె ఇంటి నిండా కుట్టాల్సిన జాకెట్ ముక్కలు. అత్తమ్మ చెబుతుంటే మిషను ఆపకుండా విని, దారం కొరికి, "వాచీ మార్చుకోని దాన్ని నేను, నిన్నేమంటాను వదినా? నా తరఫున నువ్వే ఇయ్యి, దువా నేను చేస్తా" అంది. షేర్ ఆటోలో వస్తూ అత్తమ్మ ఎన్నో నెలల తర్వాత నాతో కూరల ధరల గురించి మాట్లాడింది.

రెడ్డిగూడెంలో అలా జరగలేదు. టీచరమ్మ మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టింది, మంచినీళ్ళిచ్చింది. విన్నాక లేచి గోడకు తగిలించిన కాబా ఫొటో సర్దింది, అది వంకరగా ఏమీ లేదు. "నేను అడిగింది మిమ్మల్ని. ముప్పై ఏళ్ళు పిల్లలకు అబద్ధం ఆడకండని చెప్పిన మనిషిని. ఇన్ని నెలలు నన్ను అబద్ధపు హజ్జమ్మను చేశారు" అంది. అబద్ధం కాదు, హజ్ చెల్లిందని ఇమాం సాబ్ చెప్పారని నేను కల్పించుకోబోయాను. అత్తమ్మ నా చెయ్యి నొక్కింది. మీ తరఫున ఇవ్వడానికి అనుమతి ఇవ్వండి అని అడిగింది. టీచరమ్మ మంచినీళ్ళ గ్లాసులు తీసి లోపల పెట్టింది. గేటు దాకా వచ్చి గడియ పెట్టుకుంది.

రెండు వారాల తర్వాత వినగడపకు వెళ్ళేసరికి ముసలామె వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. ఆపరేషను అయిన కంటికి నల్ల కళ్ళద్దాలు. అత్తమ్మ మిరపకాయల పక్కనే నేల మీద కూర్చుని మొత్తం చెప్పింది. ముసలామె కాయలు తిరగేయడం ఆపి, "అయితే నా హజ్ పోయిందా చెల్లీ?" అని అడిగింది. పోలేదక్కా అని అత్తమ్మ ఇమాం సాబ్ చెప్పినదంతా చెప్పింది. ముసలామె తల ఊపుతూ విని, కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడిచింది.

"ఆ రోజు నేనూ చూశాను నీడ. పొలంలో పుట్టిన దాన్ని, నాకు తెలవదా? తిరగలేదేమో అనుకున్నా. నువ్వు తిరిగిందన్నావు. ఇంక నా కళ్ళు పాడయ్యాయనుకున్నా. అందుకే గదా ఆసుపత్రికి వచ్చింది."

అత్తమ్మ మిరపకాయలు పక్కకు నెట్టి దగ్గరికి జరిగింది. ముసలామె చేతులు పట్టుకుని, వాటిని తన మొహానికి ఆనించుకుంది. ఆ చేతులకు మిరప ఘాటు. ఇద్దరికీ కళ్ళు మండాయి, ఇద్దరూ చెంబు నీళ్ళతో మొహాలు కడుక్కున్నారు. ముసలామే ముందు నవ్వింది. "డాక్టరు కూడా కంట్లో పువ్వు వచ్చిందనే అన్నాడులే. నీ అబద్ధం నా కంటికి మంచే చేసింది. నా దమ్ నువ్వే ఇయ్యి" అంది. అత్తమ్మ నవ్వలేదు. తిరుగు బస్సులో దారంతా కిటికీ కడ్డీకి తల ఆనించుకునే ఉంది. అబద్ధం వల్ల రాళ్ళు వృథా అయ్యాయని మాత్రమే ఆమె అనుకుంది అన్నాళ్ళూ. ఒక మనిషి తన కళ్ళను తాను నమ్మడం మానేసిందని అప్పుడే తెలిసింది.

ఆ ఏడు మా వీధి నుంచి మామయ్య చిన్ననాటి స్నేహితుడి కొడుకు హజ్‌కు బయల్దేరాడు. అయిదుగురికి గాను నలుగురి పేర్లే అతనికి అందాయి. రెడ్డిగూడెం నుంచి మాట రాలేదు. అత్తమ్మ ప్రతి నమాజు తర్వాత ఆ ఒక్క పేరు కోసం చేతులు చాచేది. నేను ఫోను చేస్తానంటే వద్దనేది. "ఆమెకి కోపం తీరే వేళ ఒకటి ఉంటది. దాన్ని కూడా నేను ముందుకు జరపనా?" అనేది. అతను బయల్దేరే రోజున బస్టాండులో పూలదండల మధ్య నిలబడి ఉంటే, విస్సన్నపేట ఆమె ద్వారా కబురు తెలిసి టీచరమ్మ బస్సు దిగి నేరుగా అతని దగ్గరికే వచ్చింది. తన పేరు, తండ్రి పేరు కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసుకొచ్చింది. అది అతని చేతికిచ్చి, చదివి వినిపించమంది. తప్పు లేకుండా చదివాక అత్తమ్మ వైపు తిరిగింది. "పన్నెండో నాడు గుంపులో నా చెప్పు తెగితే మీ చెప్పులు నాకిచ్చి మీరు వట్టి కాళ్ళతో నడిచారు. అది కూడా మర్చిపోలేదు నేను" అంది. తిరుగు బస్సు వచ్చేదాకా ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు, ఒకరి సంచీ ఒకరు పట్టుకుని.

ఖుర్బానీ జరిగిన రోజు అతను మక్కా నుంచి ఫోను చేశాడు. వినగడప ముసలామె పొద్దుటి బస్సుకే వచ్చి మా ఇంట్లో కూర్చుని ఉంది. అయిపోయింది అమ్మా, అయిదుగురి పేర్లూ చెప్పించాను అన్నాడు. అత్తమ్మ రెడ్డిగూడెం ఆమె పేరు అడిగి మళ్ళీ చెప్పించుకుంది. ఫోను నాకిచ్చి వజూ చేసుకోవడానికి లేచింది. సాయంత్రపు అసర్ నమాజుకు ఇంకా కొంచెం సేపు ఉంది. ఇద్దరూ చాపలు పరుచుకుని, తలల మీద కొంగులు సర్దుకుని, అజాన్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. గుమ్మంలో నిలబడి నేను వాళ్ళను చూస్తూ ఉండిపోయాను. అత్తమ్మ ఆ తర్వాత ఆరేళ్ళు బతికింది. ఆ ఆరేళ్ళలో ఆమె ఏ పనికీ తొందరపడటం నేను చూడలేదు.

ఆదివారం నాటి ఆ పిల్లతల్లికి చివరికి ఇదంతా చెప్పాను. ఆమె రాసుకోవడం ఆపేసి వింది. మనమందరం ఆలస్యానికి భయపడతాం. ఆలస్యమైన నమాజును తర్వాత చదువుకోవచ్చు, తప్పిన ఉపవాసాన్ని ఇంకో రోజు ఉండవచ్చు, వెనకబడ్డవాళ్ళకు అల్లాహ్ ఎన్నో దారులు ఉంచాడు. తొందరపడ్డవాళ్ళకు ఒకటే దారి ఉంచాడు, వెనక్కి వెళ్ళి నిలబడి, వేళ దానంతటది వచ్చేదాకా ఆగడం.